లక్షణాలు లేకున్నా రక్తపోటు ప్రమాదమే

కరీంనగర్, ఆదిలాబాద్: అధిక రక్తపోటు ఉన్నవారిలో అత్యధికులకు ఏ లక్షణమూ కనిపించదు. బీపీ 140/90 దాటినా బాధ తెలియదు. తలనొప్పి లేదు కనుక బీపీ లేదనుకోవడం సరికాదు.

రక్తపోటు విపరీతంగా పెరిగితే కొందరిలో తలనొప్పి, కళ్లు తిరగడం, చూపు మసకబారడం, ఆయాసం కనిపిస్తాయి. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో వేసవి ఎండలు 45 డిగ్రీలకు చేరినప్పుడు తలనొప్పి, కళ్లు తిరగడం వడదెబ్బ వల్ల కూడా కలుగుతాయి. మాత్రలు వాడేవారికి చెమటతో ఒంట్లో నీరు తగ్గితే బీపీ పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరగవచ్చు. కారణం తేల్చేది బీపీ పరీక్షే.

ఒంట్లో బాగుందని వైద్యుని సలహా లేకుండా మాత్రలు మానరాదు. బీపీ అదుపు తప్పితే పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం సంభవించవచ్చు. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒకవైపు కాలుచేతులు చచ్చుబడటం, ఛాతీనొప్పి కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయాలి.

2017లో భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షలు, మాత్రలు ఉచితం. 30 ఏళ్లు దాటినవారందరూ పరీక్ష చేయించుకోవాలి. పచ్చళ్లతో కలిపి రోజుకు ఉప్పు 5 గ్రాములు మించరాదు.