గోదావరి మట్టమూ, పిల్లల చదువూ

పిల్లలకు పఠనాభిలాష కలిగించేవి కథలేనని మన పండితులలో పలువురి అభిప్రాయం. చందమామ చేతబట్టుకొని పెరిగినవాడిని కనుక దానిని కాదనను. అయితే ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున చదువు ఎలా ప్రవేశించిందో పరిశీలిస్తే, కథతోపాటు వార్త కూడా అంతే పని చేసిందని నాకు తోస్తుంది.

ఈ సీమ ఒకప్పుడు రెండు ప్రభుత్వాల క్రింద ఉండేది. భద్రాచలం ప్రాంతాన్ని నిజాం 1860లో ఆంగ్లేయులకు అప్పగించాడు. 1874లో అది గోదావరి జిల్లాలో చేరింది. ఈవల ఖమ్మం, పాల్వంచ ప్రాంతాలు నిజాం రాజ్యంలోనే మిగిలాయి. ఆ ఒడ్డున తెలుగు బడి, ఈ ఒడ్డున ఉర్దూ చదువు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసేవరకు ఒకే అడవికి రెండు చరిత్రలు.

బడిలో తెలుగుకు తగినంత చోటు లేనప్పుడు గ్రంథాలయాలు, పత్రికలు ఆ లోటు పూరించాయి. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లెనుండి ‘తెనుగు’ పత్రికను వెలువరించారు. పట్నాలకు దూరంగా, ఒక పల్లెటూరిలో అచ్చుయంత్రం నిలబెట్టి వార్తలు ముద్రించడం! తలచుకుంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. అదే సంవత్సరం నల్లగొండలో ‘నీలగిరి’, 1926లో హైదరాబాదునుండి సురవరం ప్రతాపరెడ్డిగారి ‘గోలకొండ పత్రిక’ వచ్చాయి. సభ జరుపుకోవాలన్నా, గ్రంథాలయ వార్షికోత్సవం చేసుకోవాలన్నా సర్కారు అనుమతి కోరవలసిన కాలమది. 1934లో మూడవ ఆంధ్ర మహాసభ ఖమ్మంలో జరిగింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి, పుస్తకాలు తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. అప్పటి పత్రిక ఒక్కరి సొత్తు కాదు. ఒకరు చదివితే పదిమంది వినేవారు. వినేవారిలో పిల్లలూ ఉండేవారు.

ఈ ఉమ్మడి పఠనాన్నే నేను తరగతి గదిలోకి తెచ్చాను. కోయ బాలుడికి ఇంట కోయభాష, బడిలో తెలుగు. వాచకంలోని పాఠం అతనికి ఎరుగని భాషలో చెప్పిన ఎరుగని సంగతి. వార్త అలా కాదు. గోదావరి మట్టం సంగతే చూడండి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు. ఈ అంకెల అర్థం ఏరు పొంగిన చోట పుట్టిన పిల్లవాడికి పుట్టుకతోనే తెలుసు. అతనికి తెలియనివి వాటి చుట్టూ ఉన్న తెలుగు మాటలు మాత్రమే: ‘ఉధృతి’, ‘ముంపు’, ‘పునరావాసం’. విషయం చేతికందాక మాట తానే వస్తుంది. ‘ముంపు’ అన్న పదాన్ని ఈ ప్రాంతపు పిల్లలకు నిఘంటువు తెరిచి బోధించవలసిన అగత్యం ఏ పంతులుకూ రాదు.

2014లో ఏడు మండలాల పంపకం జరిగి, భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచి, చుట్టుపక్కల ఊళ్లెన్నో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. తమ ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నదో తెలుసుకోవడానికి పెద్దలే పత్రిక వెదికిన రోజులవి.

మరి ఇప్పటి ‘కరెంట్ అఫైర్స్’ మాసపత్రికలు? అవి పోటీ పరీక్షల బిడ్డలు. పురస్కారం, గ్రహీత, తేదీ. ప్రశ్న క్రింద నాలుగు జవాబులు. కంఠస్థానికి పనికివస్తాయి, కాదనను, చదువరిని తయారుచేయవు. వార్తకు ముందూ వెనుకా ఉన్న కథను కత్తిరించి, ఎముకలు మాత్రం వడ్డిస్తాయి. జన విజ్ఞాన వేదికవారి ‘చెకుముకి’ వంటివి పిల్లవాడిని ‘ఎందుకు?’ అని అడగనిస్తాయి కనుక వాటిపై నాకు గౌరవం ఎక్కువ. ఇక కొన్ని బడులలో వచ్చిన పత్రికలు చిరుగుతాయేమోనని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. చెదలకు మాత్రం ఆ అభ్యంతరం లేదు.

2004లో కోయ సహా ఎనిమిది గిరిజన భాషలలో బహుభాషా విద్య ప్రారంభమైనప్పుడు నేను మిక్కిలి సంతోషించాను. తొలి అక్షరాలు తల్లిభాషలో నేర్వడం న్యాయం. అక్కడినుండి తెలుగులోకి వచ్చే వంతెన ఏదన్న ప్రశ్నకు నా అనుభవం చెప్పే జవాబు పత్రికే. అడవి ఊళ్లకు అది ఆలస్యంగా చేరేది. వరద తీసిన తరువాత వరద వార్త వచ్చేది. అందువల్ల పిల్లలకు మేలే జరిగింది. పత్రికలోని అంకెను చదివి, గోడమీద నీరు విడిచిన బురద చార దగ్గరకు వెళ్లి, రాసినది నిజమా కాదా అని తామే తేల్చుకునేవారు.