ఊడ్చే పని ‘ప్రధానం’ కాదట!

ఒక మాటకు అర్థం ఎలా మారుతూ వచ్చిందో వెతకడం సాహిత్యం చదువుకున్నవాళ్లకు అలవాటే. చీపురు పట్టిన ఆడవాళ్ల ఉద్యోగాల గురించి వెతికినప్పుడు మాత్రం నాకు కావ్యాల కన్నా చట్టాలే ఎక్కువ పనికొచ్చాయి. వాటిలో ఒక జాబితా దొరికింది. దాని కథే ఇది.

కాంట్రాక్టు కార్మికుల చట్టం 1970లో వచ్చింది. ఫలానా పనిలో కాంట్రాక్టు పద్ధతి వద్దని చెప్పే అధికారాన్ని దాని పదో సెక్షను ప్రభుత్వానికిచ్చింది. 1976 డిసెంబర్ 9న కేంద్రం తన పరిధిలోని సంస్థల భవనాల్లో ఊడ్వడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, కాపలా కాయడం అనే పనుల్లో కాంట్రాక్టును నిషేధించింది. ఎమర్జెన్సీలో, ఎన్నో హక్కులు పోయిన రోజుల్లో, ఈ ఒక్కటి దక్కడం విచిత్రమే! పని ఏడాది పొడుగునా ఉండేదేనా అన్నది చట్టం చూడమన్న విషయాల్లో ఒకటి. చెత్త పడని రోజంటూ ఉంటుందా?

ఈ నోటిఫికేషన్ ఆధారంగానే ఎయిర్ ఇండియాలో ఊడ్చే కార్మికులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1996లో గెలిచారు. కాంట్రాక్టును నిషేధించాక ఆ మనుషులను సంస్థే ఉద్యోగంలోకి తీసుకోవాలంటూ ప్రధాన తీర్పు రాసింది మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. ఆ ఆశకు ఐదేళ్లే ఆయుష్షు. 2001 ఆగస్టులో ‘సెయిల్’ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పునూ, 1976 నోటిఫికేషన్‌నూ కూడా పక్కన పెట్టింది.

తర్వాతి అడుగు మన రాష్ట్రానిదే. 2003లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఈ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ వరకు సవరించింది. సంస్థ ‘ప్రధాన కార్యకలాపం’లో కాంట్రాక్టు కుదరదంది. వినడానికి బాగుంది. కానీ ప్రధానం కానివాటి జాబితా మొదట్లోనే పారిశుద్ధ్యం ఉంది: ఊడ్వడం, శుభ్రం చేయడం, దుమ్ము దులపడం, చెత్త ఎత్తడం. 1976లో రక్షణ పొందిన పనులే, దాదాపు అవే మాటల్లో, ఇక్కడ బయటికి నెట్టబడ్డాయి.

ఈ జాబితా చదువుతుంటే మన ఇల్లు గుర్తు రావడం లేదూ? అంట్లు, ఊడుపు, వంట... ఏ రోజూ ఆగకూడదు, ఎన్నడూ ‘పని’ కాదు. క్యాంటీన్ కూడా ఆ జాబితాలోనే ఉంది. ఇంట్లో పితృస్వామ్యం చేసిన వర్గీకరణనే చట్టం ఆఫీసుకూ, వీధికీ తెచ్చింది. అయితే మన స్త్రీవాదులం ఇక్కడ ఆగిపోతే సగమే చెప్పినట్టు. వీధి ఊడ్చేది ‘స్త్రీ’ అని ఊరికే అనలేం. ఆమె మాదిగ, మాల, ఉత్తరాంధ్రలో రెల్లి. మునిసిపాలిటీ పర్మనెంట్ పోస్టు కులవృత్తిని తెంచలేదు గానీ, పీఎఫ్, పెన్షన్, బిడ్డల చదువు ఇచ్చింది. చీపురు ఎవరి చేతిలో ఉండాలన్నది కాంట్రాక్టు వచ్చాకా మారలేదు. జీతమే తగ్గింది. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో దానికి ‘హౌస్‌కీపింగ్’ అని పేరు పెట్టారు, యూనిఫాం మీద ఏజెన్సీ పేరు కుట్టారు.

2015 జులైలో హైదరాబాద్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. జీతం 8,500 నుంచి 12,500 రూపాయలకు పెరిగింది. అదే నెలలో సమ్మె విరమించని ఎందరినో పనిలోంచి తీసేశారు. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు పంజాబ్ కేసులో చెప్పింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఔట్‌సోర్సింగ్ వాళ్ల కోసం ‘ఆప్కాస్’ అనే ప్రభుత్వ సంస్థనే పెట్టింది. మధ్య దళారీ పోయాడు, పర్మనెంట్ మాత్రం రాలేదు.

మన 2003 జాబితా ఇప్పుడు దేశమంతటిదీ. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో అది దాదాపు యథాతథంగా చేరింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చి, 1970 చట్టాన్ని రద్దు చేసింది. అయితే అందులో ఒక చిన్న షరతు ఉంది: ఆ సంస్థ ఏర్పడిందే ఆ పని కోసం కానప్పుడు మాత్రమే అది ప్రధానం కాదట. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు మునిసిపాలిటీల పనుల్లో ఆరోదిగా ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణలను పేర్కొంటుంది. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, మరి మునిసిపాలిటీకి ఊడ్చే పని ప్రధానం ఎందుకు కాదని అడగడానికి యూనియన్లకు దారి ఉంది.