జోడేఘాట్ తర్వాత మార్లవాయి



జనవరి 11న మా హాస్టల్ పిల్లలను మార్లవాయి తీసుకుపోతుంటాం. ఒకసారి సమాధుల దగ్గర పదో తరగతి అమ్మాయి అడిగింది: "మేడం, భీమ్‌ను చంపిన సర్కారే గదా ఈ సారును మన దగ్గరికి పంపింది? మరి మనం దండం ఎందుకు పెడుతున్నం?" అప్పుడు మేం ఏదో సర్దిచెప్పాం. బీఈడీలో ఎన్ని పాఠ్యప్రణాళికలు రాసినా ఇలాంటి ప్రశ్నకు జవాబు నేర్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్, ఆయన వెంట ఉన్నవాళ్ళు నిజాం పోలీసుల తూటాలకు బలయ్యారు. అడవికి రిజర్వు హద్దులు గీశారు, ఊళ్ళు ఖాళీ చేయించారు. తరతరాలుగా దున్నిన భూమి పట్టా వేరేవాళ్ళ పేరు మీదికి పోయింది. అందుకే జల్, జంగల్, జమీన్ అన్నారు మనవాళ్ళు.

ఆ నెత్తురు ఆరకముందే, 1941లో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ వచ్చాడు. వియన్నాలో 1909లో పుట్టిన మనిషి. ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకోవడంతో ఆయన చేతిలో జర్మనీ పాస్‌పోర్టు ఉంది. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దన్నారు. మనకేమో నిజాం సర్కారు మనిషి. అంటే అటు వాళ్ళకూ పరాయివాడే, ఇటు మనకూ పరాయివాడే.

మార్లవాయి తలుపు మూసుకోవచ్చు. మూసుకున్నా తప్పు పట్టేవాళ్ళు లేరు. కానీ లచ్చు పటేల్ ఊరు ఆయనకూ, భార్య బెట్టీ ఎలిజబెత్‌కూ గుడిసె వేసుకోనిచ్చింది. దండారీ చూడనిచ్చింది, పెర్సాపేన్ కథలు విననిచ్చింది. మా హాస్టల్లో కొందరు ఆదివారం చర్చికి పోతారు. శత్రువును ప్రేమించమన్న యేసు బోధ వాళ్ళకు కంఠస్థం. ఆనాటి మన పెద్దలు బైబిలు ఎరుగరు. గడపకు వచ్చినవాడికి నీళ్ళివ్వాలని ఎరుగుదురు.

అట్లని వాళ్ళు అమాయకులని అనుకోకండి. మా మటుకు, మనవాళ్ళు ఊరికే క్షమించలేదు. బాధ చెప్పుకున్నారు, చెప్పినది రాయించారు. ఆ మాటలే ఆయన నివేదికలై సర్కారుకు చేరాయి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. మన పిల్లలకు మనవాళ్ళే పంతుళ్ళయ్యారు. మేం ఈ కుర్చీలో కూర్చున్నామంటే దాని మొదలు అక్కడుంది. లక్ష ఎకరాలకు పైగా భూమికి గిరిజనుల పేరున పట్టాలు వచ్చాయి. 1946లో, అంటే ఫస్లీ 1356లో, గిరిజన ప్రాంతాల చట్టం వచ్చింది. తర్వాత ఆ భూముల్లో ఎన్ని మళ్ళీ చేజారాయో, 1981లో ఇంద్రవెల్లిలో ఏం జరిగిందో మీకు తెలుసు. అది వేరే వ్యాసం.

1987 జనవరి 11న బెట్టీ ఎలిజబెత్ హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయి మట్టిలోనే, మన ఆచారంతోనే సాగనంపారు. 1995లో లండన్‌లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో కొడుకు తెచ్చి తల్లి పక్కనే ఉంచాడు. ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో భీమ్‌కు జోహార్ పలికే జనమే జనవరిలో ఇక్కడికీ వస్తారు. ఒకటి చేసినందుకు రెండోది మానుకోలేదు.

చెల్లీ, నీ ప్రశ్నకు జవాబు ఇంతే. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2017 డిసెంబరులో ఉట్నూరు వైపు ఆదివాసీ, లంబాడా గొడవలు ముదిరినప్పుడు మా పిల్లలు భోజనానికి రెండు వరుసలుగా విడిపోయి కూర్చున్నారు. ఒకే బెంచీ మీద చదివిన పిల్లలు! ఎవరి డిమాండ్ సరైనదో తేల్చడం మా పని కాదు, దానికి కోర్టులున్నాయి. మేం ఉపన్యాసం ఇవ్వలేదు, వడ్డన వంతులు మాత్రం మార్చాం. ఆ వరుసవాళ్ళు ఈ వరుసకు, ఈ వరుసవాళ్ళు ఆ వరుసకు వడ్డించాలి. రెండు రోజులు గరిటె చప్పుడు తప్ప మాట లేదు. మూడో రోజు ఒక గోండు పిల్ల పళ్ళెం ఎత్తి, "పప్పు ఇంకొంచెం వెయ్యవే" అంది. లంబాడా పిల్ల వేసింది.