ఫ్లోరిడాలో గాలం, గవ్వల బోటు ట్రిప్: కుటుంబంతో వెళ్లేముందు తెలుసుకోవాల్సినవి

అమెరికాలో ఉంటున్న కొడుకో కూతురో పిలిస్తే గుంటూరు, కర్నూలు, హైదరాబాద్ నుంచి వెళ్లే పెద్దవాళ్లకు ఫ్లోరిడా అంటే ఎక్కువగా ఓర్లాండో పార్కులే. అక్కడి నుంచి కారులో దాదాపు మూడు గంటలు నైరుతి దిక్కుగా వెళితే ఫోర్ట్ మైయర్స్ వస్తుంది. పిల్లలు గాలం వేసి చేపలు పట్టడం, తర్వాత ఏదో ఒక దీవి ఒడ్డున దిగి గవ్వలు ఏరుకోవడం, ఈ రెండూ కలిపిన సగం రోజు బోటు ట్రిప్‌లకు ఈ ప్రాంతం పేరుమోసింది. దాదీ నుంచి నాలుగేళ్ల మనవడి దాకా అందరూ కలిసి వెళ్లగలిగే ట్రిప్ ఇది.

అయితే రెండు విషయాలు ముందే తెలిసి ఉండాలి. బోటులో ఎంతమంది ఎక్కొచ్చు, ఒడ్డున ఏ గవ్వ తీసుకోవచ్చు. మొదటిది తెలియకపోతే ట్రిప్ రేవు దగ్గరే ఆగిపోతుంది. రెండోది తెలియకపోతే పిల్లల బకెట్ మీద జరిమానా పడే ప్రమాదం ఉంది.

ఈ నీళ్లు ఎందుకు ప్రశాంతం?

ఫోర్ట్ మైయర్స్ ఉన్న లీ కౌంటీ తీరానికి ఎదురుగా సానిబెల్, కాప్టివా, నార్త్ కాప్టివా, కాయో కోస్టా అనే దీవులు వరుసగా ఉన్నాయి. కాకినాడకు హోప్ ఐలాండ్ ఎలా అడ్డుగా నిలిచి అలల జోరు తగ్గిస్తుందో, ఇక్కడ ఈ దీవులూ అదే పని చేస్తాయి. వీటికీ పైన్ ఐలాండ్‌కూ మధ్య ఉన్న నీటిని పైన్ ఐలాండ్ సౌండ్ అంటారు. చాలాచోట్ల మనిషి నిలబడగలిగేంత లోతే. అడుగున సముద్రపు గడ్డి, ఒడ్డున కోరింగలో కనిపించేలాంటి మడ చెట్లు.

ఇలా తీరానికి దగ్గరగా, దీవుల చాటున ఉండే నీళ్లలో చేపలు పట్టడాన్నే ఇన్‌షోర్ ఫిషింగ్ అంటారు. నడి సముద్రంలోకి పోయే ఆఫ్‌షోర్ ట్రిప్ వేరు. అక్కడ అలలకు వాంతులు, తల తిరగడం మామూలు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి ఇన్‌షోరే మేలు. బుక్ చేసేటప్పుడు ఈ మాట స్పష్టంగా అడగాలి.

బోటులో ఆరుగురే

డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకునే కెప్టెన్‌కు అమెరికా కోస్ట్ గార్డ్ లైసెన్స్ తప్పనిసరి. ఇలాంటి ట్రిప్‌లకు వాడే చిన్న బోట్లలో ఎక్కువ భాగం ఆరుగురు ప్రయాణికులకు మించి ఎక్కించుకోకూడని రకం. కెప్టెన్ ఈ లెక్కలోకి రాడు. చంకలో ఉన్న పసిబిడ్డ మాత్రం వస్తుంది. "చిన్నదే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం" అంటే కుదరదు. అమ్మానాన్న, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు అంటే ఏడుగురు. అప్పుడు రెండు బోట్లు తీసుకోవాలి, లేదా కోస్ట్ గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ ఉన్న పెద్ద బోటు వెతుక్కోవాలి.

ప్రైవేట్ ట్రిప్‌కు ధర సాధారణంగా తలకు కాదు, మొత్తం బోటుకు. ఇద్దరు వెళ్లినా ఆరుగురు వెళ్లినా అదే సొమ్ము కాబట్టి ఆరుగురు వెళితే తలకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది. దీనిపైన కెప్టెన్‌కు 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. బడ్జెట్ వేసుకునేటప్పుడే ఇది కలుపుకోవాలి. ఎర, గాలాలు, ఐస్, ఫిషింగ్ లైసెన్స్ ధరలోనే ఉన్నాయా, వాతావరణం బాగోక రద్దయితే అడ్వాన్స్ తిరిగి వస్తుందా అన్నవి ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది.

బుక్ చేసేముందు అడగాల్సినవి మరో రెండున్నాయి. బోటు మీద నీడ ఉందా? టాయిలెట్ ఉందా? చాలా చిన్న బోట్లలో రెండోది ఉండదు. నాలుగు గంటల ట్రిప్‌లో షుగర్ ఉన్న పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు ఇదే పెద్ద ఇబ్బంది అవుతుంది. 26 అడుగుల కంటే చిన్న బోటు కదులుతున్నంతసేపూ ఆరేళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ వేసి ఉంచాలన్నది ఫ్లోరిడా చట్టం. పిల్లల కొలతకు సరిపోయే జాకెట్ ఉందో లేదో బరువు చెప్పి మరీ అడగాలి. ఈత రాని పెద్దవాళ్లు కూడా వేసుకుంటే నామోషీ ఏమీ లేదు.

లైసెన్స్ ఎవరికి?

లైసెన్స్ ఉన్న చార్టర్ బోటులో వెళితే ప్రయాణికులు విడిగా ఫిషింగ్ లైసెన్స్ కొనక్కర్లేదు, బోటు లైసెన్సే సరిపోతుంది. సొంతంగా బీచ్ మీద నిలబడి గాలం వేసినా, బోటు అద్దెకు తీసుకుని నడుపుకున్నా మాత్రం కావాలి. వేరే రాష్ట్రం, వేరే దేశం వాళ్లకు ఉప్పునీటి లైసెన్స్ మూడు రోజులకు 17 డాలర్లు, ఏడు రోజులకు 30 డాలర్లు. 16 ఏళ్లలోపు పిల్లలకు అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 65 ఏళ్లు దాటినవాళ్లకు మినహాయింపు అనే మాట వినిపిస్తుంది. అది ఫ్లోరిడా నివాసులకు మాత్రమే. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన 70 ఏళ్ల నాన్నగారికి అది వర్తించదు.

గాలానికి ఏం పడుతుంది?

కెప్టెన్ పొద్దున్నే విసురు వలతో చిన్న చేపలు పట్టి ఎరగా ఉంచుతాడు, లేదా బతికిన రొయ్యలు తెస్తాడు. గాలానికి బెండు కట్టి ఇస్తే నాలుగైదేళ్ల పిల్లలు కూడా బెండు మునగడం చూసి లాగగలరు.

ఇక్కడ పేరున్న చేప స్నూక్. మన పండుగప్పకు దూరపు చుట్టం, చూడ్డానికీ కాస్త అలాగే ఉంటుంది. ఫ్లోరిడాలో పట్టిన స్నూక్‌ను అమ్మడం నిషేధం. తినాలంటే పట్టుకోవాల్సిందే. స్పానిష్ మాకెరెల్ మన వంజరం జాతిదే, కాకపోతే చిన్నది. రెడ్‌ఫిష్, సీ ట్రౌట్, మాంగ్రోవ్ స్నాపర్ కూడా పడతాయి. సముద్రపు జెల్లలు పడితే పిల్లలను ముట్టుకోనివ్వకూడదు, వాటి ముళ్లకు విషం ఉంటుంది. కొక్కెం తీసే పని కెప్టెన్‌కే వదిలేయాలి.

పడిన ప్రతి చేపా మనది కాదు. చాలా రకాలకు తక్కువ కొలతే కాదు, ఎక్కువ కొలత కూడా ఉంది. గల్ఫ్ తీరంలో స్నూక్ 28 అంగుళాలకు తగ్గకూడదు, 33 అంగుళాలకు మించకూడదు, అదీ అనుమతి ఉన్న నెలల్లోనే. గుడ్లు ఎక్కువగా పెట్టే పెద్ద చేపలను కాపాడటానికే పై కొలత పెట్టారు. 2018లో రెడ్ టైడ్ అనే విష నాచు వల్ల ఈ తీరంలో చేపలు గుట్టలుగా చచ్చిపోయాయి. ఆ తర్వాత స్నూక్, రెడ్‌ఫిష్, సీ ట్రౌట్ పట్టినా వదిలేయాలన్న నియమం ఇక్కడ 2022 దాకా నడిచింది. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ వారం ఏది ఉంచుకోవచ్చో కెప్టెన్‌ను అడగాలి.

ఉంచుకున్న చేపలను కెప్టెన్ శుభ్రం చేసి ముక్కలు కోసి ఇస్తాడు. దగ్గర్లోని కొన్ని హోటళ్లు వాటిని వండిపెడతాయి. చేపకు జబీహా ప్రశ్న లేదు. చూసుకోవాల్సింది వంట. బీర్ కలిపిన పిండిలో ముంచి వేయించడం అక్కడ మామూలు, మిగతా మాంసాలు వేయించిన నూనెనే వాడే వీలూ ఉంది. గ్రిల్ చేయమని, వేరే పెనం వాడమని అడగొచ్చు. వంటగది ఉన్న అద్దె ఇంట్లో దిగితే ఈ తలనొప్పే ఉండదు.

గవ్వలు ఇక్కడే ఎందుకు ఇన్ని?

అమెరికా తీరంలో ఇలాంటి దీవులు ఎక్కువగా తీరానికి సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. సానిబెల్ మాత్రం తూర్పు పడమరలుగా వంగి ఉంటుంది. అందుకే గల్ఫ్ ప్రవాహాలు మోసుకొచ్చే గవ్వలను చేటలా పట్టుకుంటుంది. సముద్రపు అడుగు కూడా మెల్లగా వాలుతుంది కాబట్టి గవ్వలు పగలకుండా ఒడ్డు చేరతాయి. వంగి వంగి గవ్వలు ఏరేవాళ్ల భంగిమకు అక్కడ 'సానిబెల్ స్టూప్' అని పేరే ఉంది. గవ్వలకోసమే ఒక జాతీయ మ్యూజియం 1995 నుంచి ఆ దీవిలో నడుస్తోంది.

బోటు ట్రిప్‌లు ఎక్కువగా కాయో కోస్టా, నార్త్ కాప్టివా ఒడ్డుకు తీసుకెళ్తాయి. ఆ దీవులకు వంతెన లేదు. జనం తక్కువ కాబట్టి గవ్వలు ఎక్కువ. ఎడమ వైపు నోరు తెరిచే లైట్నింగ్ వెల్క్, ఫ్లోరిడా రాష్ట్ర గవ్వ అయిన హార్స్ కాంక్, నున్నటి ఆలివ్ గవ్వలు, ఆల్చిప్పలు దొరుకుతాయి. గోధుమ మచ్చల జునోనియా అన్నింటికంటే అరుదు. అది దొరికినవాళ్ల ఫొటో స్థానిక పత్రికలో వేయడం ఆనవాయితీ.

ఖాళీదా, ప్రాణం ఉన్నదా?

ఇది పిల్లలకు బోటు ఎక్కేముందే చెప్పాలి. సానిబెల్‌లో 1995 నుంచి, మొత్తం లీ కౌంటీలో 2002 నుంచి ప్రాణం ఉన్న గవ్వలు తీసుకోవడం నిషేధం. తినే ఆల్చిప్పల్లో కొన్ని రకాలకే కౌంటీ నియమంలో మినహాయింపు ఉంది. నక్షత్ర చేపలు, సాండ్ డాలర్లు కూడా ఈ నిషేధం కిందికే వస్తాయి. మొదటిసారి దొరికినా 500 డాలర్ల దాకా జరిమానా, 60 రోజుల దాకా జైలు పడే అవకాశం ఉంది. ఖాళీ గవ్వలకు లైసెన్సూ అక్కర్లేదు, రుసుమూ లేదు.

గుర్తుపట్టడం కష్టం కాదు. గవ్వ నోటి దగ్గర గోధుమ రంగు గట్టి మూత కనిపిస్తే లోపల నత్త ఉన్నట్టే. కాళ్లు కదిలితే సన్యాసి పీత కాపురం ఉన్నట్టు. రెండు చిప్పలూ గట్టిగా మూసుకుని ఉంటే అది బతికే ఉంది. సాండ్ డాలర్ తెల్లగా, నున్నగా ఉంటే చచ్చిపోయినది. గోధుమ రంగులో ఉండి, తిప్పి చూస్తే సన్నటి ముళ్లు కదులుతుంటే బతికి ఉన్నది. అనుమానం వస్తే మెల్లగా నీళ్లలో పెట్టేయాలి, విసిరేయకూడదు.

పిల్లలు తెలియక చేశారన్న మాట ప్రతిచోటా చెల్లదు. కాలిఫోర్నియాలోని పిస్మో బీచ్‌లో పిల్లలు గవ్వలనుకుని 72 బతికిన ఆల్చిప్పలు ఏరితే, వాళ్ల తల్లికి 88 వేల డాలర్లకు పైగా జరిమానా పడిన సంగతి 2024లో వార్తలకెక్కింది. తర్వాత జడ్జి దాన్ని 500 డాలర్లకు తగ్గించారు. రాష్ట్రం వేరు, చట్టం వేరు. కానీ బకెట్‌లో ఏముందో చూడాల్సింది పెద్దవాళ్లే అన్నది రెండుచోట్లా ఒకటే.

ఆరోగ్యం విషయంలో

నీళ్లలో నడిచేటప్పుడు కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలి. ఆ అలికిడికి ఇసుకలో దాగిన టేకు చేపలు తప్పుకుంటాయి. లేకపోతే తోక ముల్లు దిగుతుంది. నీళ్లలో తడిసినా పర్లేదనుకునే బూట్లు వేసుకోవాలి.

వేడెక్కిన సముద్రపు నీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది. ఆరోగ్యవంతులకు మామూలుగా ఏమీ కాదు. కాలేయ జబ్బు, షుగర్ ఉన్నవాళ్ల ఒంటి మీద పుండు, తెగిన గాయం ఉంటే మాత్రం అది ప్రాణాల మీదికి తెస్తుంది. అలాంటివాళ్లు నీళ్లలో దిగకుండా బోటు మీదో పొడి ఇసుక మీదో ఉండాలి. నీళ్లలో దిగాక గాయం ఎర్రబడి వాచి నొప్పి పెరిగితే మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రెడ్ టైడ్ ఉన్న రోజుల్లో గాలికే దగ్గు వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ రోజులు మానుకోవాలి. రెడ్ టైడ్ ఎక్కడుందో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి?

తుఫానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. 2022 సెప్టెంబర్ 28న ఇయన్ హరికేన్ తీరం దాటింది కాయో కోస్టా దగ్గరే. సానిబెల్‌కు వెళ్లే వంతెన దారి కూడా అప్పుడు తెగిపోయింది. ఎండ తక్కువగా ఉండే డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా కుటుంబాలకు అనుకూలం. చలికాలపు గాలి దుమారం తగ్గిన మర్నాడు ఒడ్డున గవ్వలు ఎక్కువగా ఉంటాయి. నెలవంక రోజుల్లో, నిండు చందమామ రోజుల్లో ఆటు ఎక్కువగా తగ్గి ఇసుక బాగా బయటపడుతుంది. ఆ రోజుల్లో ఆటు ఉన్న పూటకే ట్రిప్ పెట్టుకుంటే మంచిది. పొద్దున ఏడెనిమిదింటికి బయల్దేరితే జుహర్ వేళకు ఒడ్డు చేరొచ్చు, ఎండ దెబ్బా తప్పుతుంది.

ఇంటికి తెచ్చేటప్పుడు

ఏరిన గవ్వలను మంచినీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, బాగా ఆరబెట్టాలి. లేకపోతే సూట్‌కేసంతా వాసన. పగడం ముక్కలు, సముద్రపు గుర్రాలు, క్వీన్ కాంక్ శంఖాలు వంటివి దుకాణంలో కొన్నా సరే ఇండియాకు తేకపోవడమే మేలు. అవి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కింద ఉన్నాయి. పగడాలు, సముద్రపు గుర్రాలు మన 1972 వన్యప్రాణి చట్టంలోనూ ఉన్నాయి. ఒడ్డున ఏరిన మామూలు ఖాళీ గవ్వలు తలా గుప్పెడు చాలు. మిగతావి ఇసుక మీదే వదిలేస్తే, ఇల్లు వెతుక్కునే సన్యాసి పీతలకు పనికొస్తాయి.