మానసిక సంక్షోభ సహాయవాణి

మానసిక సంక్షోభ సహాయవాణి అనగా తీవ్రమైన నిరాశ, భయం, దుఃఖం లేదా ఆత్మహత్య ఆలోచనలతో బాధపడుతున్న వ్యక్తి ఫోను చేసి, శిక్షణ పొందిన మరొక మనిషితో మాట్లాడేందుకు వీలు కల్పించే సేవ. వాడుకలో దీనిని హెల్ప్‌లైన్ అని అంటారు. బాధితుల కుటుంబసభ్యులు, స్నేహితులు కూడా సలహా కొరకు ఈ సేవను వినియోగించుకోవచ్చును. భారతదేశంలో జాతీయ స్థాయి సహాయవాణి పేరు టెలి మానస్. దీని సంఖ్య 14416. ఇది ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో భారతదేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. నమోదైన కారణాలలో కుటుంబ సమస్యలు, అనారోగ్యం మొదటి రెండు స్థానాలలో ఉన్నాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యలు ఉన్నవారిలో అత్యధికులకు ఎటువంటి చికిత్సా అందడం లేదు. మానసిక వైద్యుడు లేని ఊరికి కూడా ఫోను చేరుతుంది కనుక ప్రభుత్వాలు సహాయవాణులపై ఆసక్తి చూపుతున్నాయి. అయితే ఒక సంఖ్యను ప్రకటించడం ఈ పనిలో అన్నిటికన్నా సులువైన భాగం. ఆ ఫోను ఎవరు ఎత్తుతారు, ఏ భాషలో మాట్లాడతారు, వారికి జీతం ఎక్కడి నుండి వస్తుంది, మాట్లాడిన తరువాత ఏమి జరుగుతుంది అనే విషయాలు ప్రభుత్వ విధానంపై ఆధారపడి ఉంటాయి.

చరిత్ర

ఆధునిక సహాయవాణులకు ఆద్యుడిగా చాద్ వారా అనే ఆంగ్ల మతాచార్యుని పేర్కొంటారు. ఆయన 1953లో లండన్ నగరంలోని తన చర్చి నుండి, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారి కొరకు ఒక ఫోను సేవను ప్రారంభించాడు. అదే తరువాత సమారిటన్స్ అనే సంస్థగా మారినది. ఆయనను కలవడానికి వచ్చి వేచి ఉన్నవారికి కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు టీ ఇచ్చి మాట్లాడుతూ ఉండేవారు. వారితో మాట్లాడిన తరువాత చాలామంది మతాచార్యుని కలవకుండానే ఊరట పొంది వెళ్ళిపోవడం ఆయన గమనించాడు. సలహా ఇవ్వడం కన్నా శ్రద్ధగా వినడమే ముఖ్యం అనే సూత్రం అలా ఏర్పడినది. 1958లో అమెరికాలోని లాస్ ఏంజలెస్‌లో ఎడ్విన్ ష్నైడ్‌మన్, నార్మన్ ఫార్బెరో, రాబర్ట్ లిట్‌మన్ ఆత్మహత్యల నివారణ కేంద్రాన్ని స్థాపించారు.

భారతదేశంలో ఈ పనిని మొదట స్వచ్ఛంద సంస్థలు చేపట్టాయి. 1986లో చెన్నైలో లక్ష్మీ విజయకుమార్ స్నేహ సంస్థను స్థాపించింది. 1997లో సికింద్రాబాదులో రోష్ని ప్రారంభమైనది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 104 వైద్య సలహా ఫోను సేవలో మానసిక సమస్యలకు కూడా సలహాలు లభించేవి. 2020 సెప్టెంబరులో, కోవిడ్ కాలంలో, కేంద్ర సామాజిక న్యాయ శాఖ 13 భాషలలో కిరణ్ అనే సహాయవాణిని ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవం నాడు, కేంద్ర ఆరోగ్య శాఖ టెలి మానస్‌ను ప్రారంభించింది. అంటే కొంతకాలం పాటు ఒకే పనికి రెండు మంత్రిత్వ శాఖల క్రింద రెండు సంఖ్యలు ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలవి, పోలీసు శాఖవి, విశ్వవిద్యాలయాలవి వీటికి అదనం.

ఒకే సంఖ్య, చిన్న సంఖ్య

ఆపదలో ఉన్న మనిషికి పది అంకెలు గుర్తుకు రావు. అమెరికాలో 2005 నుండి ఉన్న జాతీయ సహాయవాణి సంఖ్య 1-800-273-8255. దీని స్థానంలో 988 అనే మూడంకెల సంఖ్యను కేటాయిస్తూ 2020లో చట్టం చేయబడినది. 2022 జూలై 16 నుండి ఇది దేశమంతటా అమలులోకి వచ్చినది. మొదటి రెండు సంవత్సరాలలోనే ఈ సంఖ్యకు ఫోను, సందేశాలు, చాట్ అన్నీ కలిపి కోటికి పైగా వచ్చాయి.

బ్రిటన్‌లో సమస్య వేరు. అక్కడ చాలాకాలం సమారిటన్స్‌కు ఫోను చేసినవారు కాలు ఖర్చు తామే భరించవలసి వచ్చేది. నెల బిల్లులో ఆ కాలు కనిపిస్తుందనే సంకోచం కూడా ఉండేది. 2015లో 116 123 సంఖ్యను ఉచితం చేయడంతో ఈ అడ్డంకి తొలగినది.

సంఖ్య ఒకటే అయినా కాలు ఎక్కడికి వెళ్ళాలి అన్నది మరొక చిక్కు. 988కు వచ్చే కాల్స్ చాలాకాలం ఫోను నంబరులోని ఏరియా కోడ్ ఆధారంగా ఆయా ప్రాంతాల కేంద్రాలకు వెళ్ళేవి. టెక్సాస్‌లో ఫోను కొని న్యూయార్క్‌లో నివసిస్తున్న వ్యక్తి ఫోను చేస్తే టెక్సాస్‌లోని కేంద్రం ఎత్తేది. వారికి న్యూయార్క్‌లోని ఆసుపత్రుల సంగతి తెలియదు. 2024 అక్టోబరులో అమెరికా సమాచార కమిషన్ ఎఫ్.సి.సి., మొబైల్ కాల్స్‌ను ఫోను ఉన్న ప్రాంతాన్ని బట్టి పంపాలని నిబంధన చేసింది. ఇందులో సుమారు ప్రాంతం మాత్రమే తెలుస్తుంది, ఖచ్చితమైన చిరునామా తెలియదు. గోప్యత కోరేవారు ఫోను చేయడం మానకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు.

ఫోను ఎత్తే మనిషి

సహాయవాణి నాణ్యతను ఎత్తిన కాల్స్ సంఖ్యతో మాత్రమే కొలవడం సరికాదు. కెనడాకు చెందిన బ్రయాన్ మిషారా, ఆయన సహచరులు అమెరికాలోని 14 కేంద్రాలకు వచ్చిన కాల్స్‌ను విని, 2007లో ఫలితాలను ప్రచురించారు. వారు పరిశీలించిన 1,431 సంక్షోభ కాల్స్‌లో 723 కాల్స్‌లో ఫోను ఎత్తినవారు ఆత్మహత్య ఆలోచనల గురించి అసలు అడగనే లేదు. అడిగితే లేని ఆలోచన కలుగుతుందేమో అనే భయం చాలామందిలో ఉంటుంది. కాని అడగడం వలన అటువంటి ప్రమాదం లేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ ఫలితాల తరువాత అమెరికా జాతీయ సహాయవాణిలో ప్రమాదాన్ని అంచనా వేయడానికి అడగవలసిన ప్రశ్నలు నిర్ణయించబడినాయి. శిక్షణను, పర్యవేక్షణను నిధులకు షరతుగా పెట్టడం ప్రభుత్వం చేయగలిగిన పని.

భాష దీనితో ముడిపడిన విషయం. టెలి మానస్‌లో ఫోను చేసినవారు తమ భాషను ఎంచుకోవచ్చును. తెలుగుతో కలిపి 20 భాషలలో సేవ లభిస్తుంది. 988లో ఆంగ్లం, స్పానిష్ కాక మిగిలిన భాషలవారికి దుబాసీ ద్వారా మాట్లాడే ఏర్పాటు ఉన్నది. అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థి ఒకరు తెలుగులోనే మాట్లాడదలచుకుంటే మధ్యలో మూడో మనిషి ఉంటాడు. ఏ ఏర్పాటూ లేకపోవడం కన్నా ఇది మేలే, కాని మనసు విప్పి మాట్లాడటానికి అంత అనువైనది కాదు.

నిధులు

మానసిక సహాయవాణికి ఖర్చంతా మనుషుల మీదే. రాత్రి రెండు గంటలకు కూడా ఫోను ఎత్తేవారు ఉండాలంటే మూడు షిఫ్టులలో సిబ్బంది అవసరం. రోజూ ఇటువంటి మాటలు వినేవారు త్వరగా అలసిపోయి ఉద్యోగం మానివేయడం సాధారణం. స్వల్ప జీతంతో, కాంట్రాక్టు పద్ధతిలో నియమించిన చోట ఇది మరింత ఎక్కువ.

అమెరికా చట్టంలో దీనికి ఒక మార్గం చూపబడినది. 911 అత్యవసర సేవకు వలెనే 988కు కూడా ఫోను బిల్లులపై చిన్న రుసుము విధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చారు. వర్జీనియా, వాషింగ్టన్, కొలరాడో, నెవాడా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రమే దీనిని వినియోగించుకున్నాయి. మిగిలినచోట్ల బడ్జెట్ కేటాయింపులే ఆధారం.

టెలి మానస్ పూర్తిగా బడ్జెట్ మీద ఆధారపడినది. దీనికి కేంద్ర బడ్జెట్ అంచనాలలో 2023-24లో సుమారు 134 కోట్ల రూపాయలు, 2024-25లో 90 కోట్లు, 2025-26లో సుమారు 80 కోట్లు చూపబడినాయి. ఇదే కాలంలో కాల్స్ పెరిగాయి. ప్రారంభం నుండి 2024 మధ్యకు మొత్తం కాల్స్ 10 లక్షలు దాటగా, 2025లో 20 లక్షలు దాటాయి. కాల్స్ పెరుగుతూ కేటాయింపు తగ్గుతూ ఉండటం ఏ సేవకైనా మంచి సూచన కాదు.

చట్టం, పోలీసులు

ఫోను చేస్తే ఇంటికి పోలీసులు వస్తారేమో అనే భయం చాలా దేశాలలో ఉన్నది. భారతదేశంలో ఈ భయానికి చట్టమే కారణంగా ఉండేది. భారత శిక్షా స్మృతి 309వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 115వ సెక్షన్ దీనిని చాలావరకు మార్చినది. అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి, విచారించి శిక్షించరాదు, తిరిగి ప్రమాదం కలగకుండా చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది అని ఈ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309వ సెక్షన్‌కు సమానమైన సాధారణ నిబంధన లేదు. అయితే ప్రభుత్వోద్యోగి విధులను ప్రభావితం చేసే ఉద్దేశంతో చేసే ఆత్మహత్యాయత్నం 226వ సెక్షన్ క్రింద నేరంగానే ఉన్నది. చట్టం మారిన సంగతి ప్రజలకు, కొన్నిచోట్ల ఠాణాలకు కూడా, ఇంకా పూర్తిగా చేరలేదు.

అమెరికాలో 988 కాల్స్‌లో రెండు శాతం లోపు మాత్రమే అత్యవసర బృందాలను పంపే వరకు వెళతాయని నిర్వాహకులు చెబుతారు. ఆ కొద్ది సందర్భాలలో ఎవరిని పంపాలి అన్నది వివాదాస్పదం. ఆయుధాలతో పోలీసులను పంపే బదులు మానసిక ఆరోగ్య కార్యకర్తలతో కూడిన సంచార బృందాలను పంపే పద్ధతిని కొన్ని రాష్ట్రాలు అనుసరిస్తున్నాయి. ఆరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నగరంలో 1989లో మొదలైన కహూట్స్ అనే బృందం ఇందుకు ప్రసిద్ధి చెందినది. నిధుల కొరత వలన ఆ నగరంలో దాని సేవలు 2025 ఏప్రిల్‌లో నిలిచిపోయాయి.

ఫోను పెట్టేసిన తరువాత

టెలి మానస్ రెండు అంచెలుగా రూపొందించబడినది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. మొదటి అంచెలో రాష్ట్ర కేంద్రాలలోని కౌన్సిలర్లు మాట్లాడతారు. అవసరమైతే రెండవ అంచెలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, వైద్య కళాశాలలు లేదా ఈ-సంజీవని ద్వారా వైద్యునికి అప్పగిస్తారు. ఈ రెండవ అంచె బలం ఆ జిల్లాలో వైద్యుడు, మందులు ఉన్నాయా అనే దానిపై ఆధారపడి ఉంటుంది. జిల్లాలో మానసిక వైద్యుని పోస్టు ఖాళీగా ఉంటే ఎంత మంచి కౌన్సిలరైనా చేయగలిగినది పరిమితమే.

అన్ని కష్టాలకూ వైద్యమే పరిష్కారం కాదు. 2017లో వికారాబాద్ జిల్లాలో ప్రారంభమైన కిసాన్ మిత్ర అనే రైతుల సహాయవాణి ఇందుకు ఉదాహరణ. జిల్లా యంత్రాంగం, స్వచ్ఛంద సంస్థ కలిసి దీనిని నడిపాయి. ఫోను చేసే రైతుకు పట్టాదారు పాసుపుస్తకం రాకపోవడం, బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం వంటి సమస్యలు ఉంటాయి. ఓదార్పు మాట ముఖ్యమే, కాని పాసుపుస్తకం ఆగిపోయిన చోటు తహసీల్దారు కార్యాలయం. అందుచేత అక్కడ ఫిర్యాదులను సంబంధిత శాఖలకు పంపి పరిష్కారం అయ్యేవరకు వెంటబడే పద్ధతిని అనుసరించారు. మానసిక ఆరోగ్య సహాయవాణులకు రెవెన్యూ, వ్యవసాయ, విద్యా శాఖలతో ఇటువంటి అనుసంధానం అరుదుగా కనిపిస్తుంది.

ప్రచారం

సంఖ్య తెలియనివారికి సహాయవాణి ఉన్నా లేనట్టే. అమెరికా గాయకుడు లాజిక్ 2017లో నాటి జాతీయ సహాయవాణి సంఖ్యనే పేరుగా పెట్టి ఒక పాట విడుదల చేశాడు. 2021లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ పాటపై ప్రజల దృష్టి ఎక్కువగా ఉన్న 34 రోజులలో సహాయవాణికి 9,915 కాల్స్ అదనంగా వచ్చాయి, ఆత్మహత్యలు అంచనా కన్నా 245 తగ్గాయి. తగ్గుదలకు పాట ఒక్కటే కారణమని నిరూపించడం కష్టం. అయితే ప్రచారం చేసినప్పుడు పెరిగే కాల్స్‌కు తగిన సిబ్బందిని ముందే సిద్ధం చేసుకోవాలని దీని ద్వారా తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ పరీక్షలు, ఫలితాల కాలం ఇటువంటి సందర్భం. తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు పరీక్షల సమయంలో విద్యార్థులకు 14416 సంఖ్యను తెలియజేసింది. విశాఖపట్నంలో నీట్ పరీక్షకు సిద్ధమవుతున్న 17 సంవత్సరాల విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులు ఉన్న సంస్థలు కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సిలర్‌ను నియమించాలి. టెలి మానస్‌తో సహా సహాయవాణుల సంఖ్యలను హాస్టళ్ళలోను, తరగతి గదులలోను, వెబ్‌సైట్లలోను పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి. ఈ విషయమై చట్టం లేదా నియమావళి వచ్చేవరకు ఈ మార్గదర్శకాలు కోచింగ్ కేంద్రాలకు కూడా వర్తిస్తాయి.