పైన పెట్టి చూస్తే రుజువైనట్టేనా?

విద్యార్థులారా! రెండు భుజాలు, వాటి మధ్య కోణం సమానమైతే ఆ రెండు త్రిభుజాలూ సర్వసమానాలని మీరు చదువుకున్నారు. దీన్ని నిరూపించమంటే ఏం చేస్తారు? ఒకదాన్ని కత్తిరించి రెండోదానిపై పెట్టి చూపిస్తామంటారు, అవునా? క్రీ.పూ. 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ అనుసరించినదీ ఇదే దారి. ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకం నాలుగో ప్రతిపాదనలో ఆయన ఒక త్రిభుజాన్ని ఊహలో తీసుకెళ్లి రెండోదానిపై ఉంచాడు.

మరి, కదిలించినప్పుడు పొడవులూ కోణాలూ మారవని ఎలా చెప్పగలం? యూక్లిడ్ ముందుగా ఒప్పుకున్న స్వీకృతాలలో ఆ మాట స్పష్టంగా లేదు. ఫ్రెంచి పండితుడు ఝాక్ పెల్తియే 1557లోనే ఈ పద్ధతిని ఆక్షేపించాడు. చివరకు 1899లో జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్, రెండు భుజాలు, మధ్య కోణం సమానమైతే మిగతా కోణాలూ సమానమేనన్న మాటను స్వీకృతంగా తీసుకున్నాడు. మూడో భుజం సమానమని దాని నుంచే నిరూపించాడు. ఎన్.సి.ఇ.ఆర్.టి. 2006లో వెలువరించిన తొమ్మిదో తరగతి పుస్తకం కూడా భు.కో.భు. నియమాన్ని స్వీకృతంగానే ఇచ్చింది.

కంటికి కనబడింది వేరు, ఒప్పుకున్నది వేరు, నిరూపించినది వేరు. ఈ తేడా తెలిస్తే రేఖాగణితం బట్టీపట్టే పని ఉండదు. ఇక పుస్తకం మూసి, భు.కో.భు. సాయంతో కో.భు.కో. నియమాన్ని మీరే నిరూపించి చూడండి.