అడవిలో పెరిగిన దశకుమారులు

ఉదయగిరి, ఆత్మకూరు సీమల పల్లెలనుండి చదువునకై బాలుని పొలిమేర దాటింప జంకు పెద్దలు దశకుమారచరిత్రము వినదగును. దండి సంస్కృతమున రచించిన యీ కథను 13వ శతాబ్దమున కేతన తెనిగించి, నెల్లూరేలిన మనుమసిద్ధి మంత్రియగు తిక్కనకు అంకితమిచ్చెను.

మగధరాజు రాజహంసుడు మాళవరాజుచేత నోడి వింధ్యాటవి చేరెను. అతని కుమారుడు రాజవాహనుడును, చెలికాండ్రు తొమ్మండుగురును అచ్చటనే పెరిగిరి. అడవి వారికి చెలిమిని నేర్పెను. లోకజ్ఞానమునకు మాత్రము ఊళ్లు తిరుగవలసివచ్చెను. దిగ్విజయమునకు వెడలిన త్రోవలో నొకరాత్రి రాజవాహనుడు కానరాకపోగా, తక్కినవారతనిని వెదకుచు తలకొక దిక్కు పట్టిరి. వారు పెద్దవారైనది ఈ వెదకులాటలోనే.

అపహారవర్మను చూడుడు. వేశ్యయగు కామమంజరి వలన సర్వము పోగొట్టుకొని చంపానగరము వెలుపల నేడ్చుచున్న విరూపకునకు, నీ సొమ్ము నీకు చేర్చెదనని మాటయిచ్చెను. ఆపై జూదమాడెను, కన్నమును వేసెను! బాలురకిది చెప్పదగునా యని కొందరందురు. చెప్పదగునని నా తలంపు. ఒరుల యేడుపు తనదిగా దోచుట అతనికదియే మొదలు. వింధ్యాటవిలో నట్టి యేడుపు అతడు వినియుండలేదు.